పొగగొట్టం మీద గోనెసంచి

ఆమె పోయాక జనగామలో సంతాపసభ పెట్టారు. మొదటి వక్త గొంతు సవరించుకొని, "ప్రజల నమ్మకాలను గౌరవిస్తూనే వాళ్ల వంటిళ్లలో మార్పు తెచ్చిన మనిషి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత లేచినవాళ్లు కూడా అదే మాటను పట్టుకున్నారు. ఒకాయన "ఎవరినీ నొప్పించని మెత్తని స్వభావం" అని కూడా కలిపాడు. ఎవరు వెలిగించారో, ఫోటో ముందు అగరువత్తుల కట్ట ఒకటి కాలుతోంది. ఆ పొగంతా ఆమె ముఖం మీదికే పోతోంది.

పోయినవాళ్లను మెత్తబరచడం మనకు పాత అలవాటు. బతికి ఉన్నన్నాళ్లు గరుకుగా తగిలిన మనిషిని, పోయాక గీకి నునుపు చేసి బొమ్మగా గూట్లో పెట్టుకుంటాం. ఆ బొమ్మ ఇంక ఎవరినీ ఏమీ అడగదు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ల ముందు వాదన పెట్టుకోవడం సబబు కాదని ఆ రోజు ఊరుకున్నాను. రాయకుండా మాత్రం ఉండలేను. ఆమె ఏ నమ్మకాన్నీ గౌరవించలేదు. మనుషులను గౌరవించింది. ఈ రెండూ ఒకటే అనుకునే దేశంలో పసిపిల్లలు చచ్చిపోతుంటారు, వాళ్ల చావును గౌరవంగా విధి అంటుంటారు.

ఆమె పాలకుర్తి దిక్కు మనిషి. మేం కొందరం ఆదివారాలు జనగామలో ఒక బడి వరండాలో కూర్చొని జాతకాల మీద, బాబాల మీద, దేవుడి మీద వాదించుకునేవాళ్లం. ఆమె వచ్చేది. వచ్చి ఒక మూల ఒదిగి కూర్చునేది కాదు. అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. వాదన మంచి రసపట్టులో ఉండగా హఠాత్తుగా లేచి చెప్పుల కోసం వెతుక్కునేది.

"ఎక్కడికక్కా? ఇంకా తేలనే లేదు కదా?"

"మీరు తేల్చుకుంట ఉండుండ్రి తమ్మీ. దేవుడు ఉన్నడో లేడో వచ్చే ఆదివారం సుత గట్లనే ఉంటడు. గా రఘునాథపల్లి అవ్వ ఇంట్ల పొగ ఇయ్యాల్నే ఉన్నది."

పొగ ఆమె పని. పల్లెల్లో గ్యాస్ బండలు వచ్చాయి, నిజమే. కానీ చాలా ఇళ్లలో గ్యాస్ మీద చాయ కాగుతుంది. అన్నం, నీళ్లు, పశువుల దాణా అన్నీ కట్టెల మీదే. ఆమె పాత మట్టిపొయ్యిని పగలగొట్టేది కాదు. దాని కడుపులో సరిగ్గా ఇమిడేలా ఒక ఇనుప పెట్టెను వెల్డింగు దుకాణంలో చేయించి దించేది. పెట్టెకు ముందు చిన్న తలుపు, వెనక పొగగొట్టం. ఆ గొట్టం కప్పును దాటి, ఇంటి కొప్పు కన్నా ఎత్తుకు లేవాలి. కప్పును దాటే చోట వాసాలకు వేడి తగలకుండా అడుగు తీసేసిన కుండను గొట్టానికి తొడిగి, మధ్య సందులో మట్టీ బూడిదా కలిపి కూరేది. ఆ కుండ తొడిగేటప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు. "ఇల్లు అంటుకునేది గిక్కడనే" అనేది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఆమె చూపు మనుషుల మీద పడేది కాదు. ముందు కప్పు వైపు పోయేది. ఇంటావిడ "రా అక్కా, మంచిగున్నవా?" అని పలకరిస్తుంటే ఈమె తల వెనక్కి వాల్చి, నల్లబడిన వాసాల మధ్య వెతుకుతూ ఉండేది. తర్వాత కాగితం ముక్కను మెలితిప్పి అంటించి పొయ్యి నోటి దగ్గర పట్టేది. మంట లోపలికి వంగితే గొట్టం లాగుతున్నట్టు. అప్పుడు మాత్రమే ఇంటావిడ వైపు తిరిగి, "ఆఁ, మంచిగున్న. నువ్వెట్లున్నవు?" అనేది.

మసి పని చేసే మనిషి ఎప్పుడూ లేత రంగు చీరే కట్టేది. గోధుమరంగో, వెన్నరంగో, ఒక్కోసారి తెల్లదే. సాయంత్రానికి ఆ చీర చూడలేనట్టు ఉండేది. ఆ కొంగును ఆడవాళ్ల ముందు పరిచి చూపించేది. "ఒక్క పూట మీ ఇంట్ల ఉంటె నా చీర మీద గింత వడ్డది. నువ్వు కాపురానికొచ్చిన కాన్నుంచి ఊపిరి పీలుస్తున్నవు. లోపల ఎంత వడ్డదో ఎవరు ఉతకాలె?"

నోరు మంచిది కాదు. పచ్చికట్టె పొయ్యిలో కనపడిందా, ఆ ఇంటి మగవాడికి తిట్లు మొదలయ్యేవి. "పచ్చికట్టె మండది, ఏడుస్తది. దాని ఏడుపంత గొట్టంల జిగురు లెక్క గడ్డకడ్తది. ఒకనాడు గదే భగ్గుమంటది. కొట్టినవు గద కట్టె, ఒక ఎండకాలం ఎండనియ్యనీకె నీకేం పుట్టింది?" పాత గుడ్డల మూటను తాడుకు కట్టి గొట్టంలో పైనుంచి కిందికి దించి మసి లాగడం ఆమె నేర్పిన పని. అది చేయని ఇంట్లో మంచినీళ్లు కూడా తాగేది కాదు. బూడిద కుండకు మూత లేదని ఒక పెద్దమనిషిని ఊరి నడిమిట్ల కడిగేసింది. మెత్తని స్వభావమట!

గూడూరు అవతల ఒక తండాలో ఆమె పెట్టిన గొట్టం పని చేయలేదు. పొగ బయటికి పోవలసింది పోయి తిరిగి ఇంట్లోకే వస్తోంది. మేం వెళ్లేసరికి తండా ఆడవాళ్లు తమ భాషలో ఏదో అనుకొని కడుపు పట్టుకొని నవ్వుతున్నారు. ఏమంటున్నారని అడిగితే, కోడలు పిల్ల ఒకతె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది: "నీ గొట్టం మా ముసలోని హుక్క లెక్కున్నదంటున్నరు. లోపలికి పీలుస్తది గాని ఇడువదంట."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. తానే నిచ్చెన ఎక్కింది. కొప్పు మీద నుంచి గాలి ఎటు దిగుతోందో చెయ్యెత్తి చూసుకుంది. "తప్పు నాదే. కొప్పు కన్న కిందికి పెట్టిన. గాలి గోడ దిగినట్టు దిగి గొట్టంల వడ్తున్నది" అని పైనుంచే అందరికీ వినపడేలా అరిచింది. సంజాయిషీ లేదు, సిగ్గు లేదు. గొట్టం ఎత్తు పెంచాక, కింద కూర్చొని వాళ్లతో పాటు జొన్నరొట్టె తింటుంటే ఆ తండా ముసలమ్మ అడిగింది: "ఇంత తిరుగుతున్నవు, మీ ఇంట్ల పొగకు ఎవరన్న పోయిండ్రా బిడ్డా? పసిబిడ్డ పోయిందా?"

ఈ ప్రశ్న ఆమెను చాలామంది అడిగేవారు. రొట్టె పక్కన పెట్టింది. "ఎవ్వలు పోలే. ఎవరన్న సస్తెనే మనిషికి బుద్ధి రావాల్నా అవ్వా? సావకముందే వస్తె తప్పా?"

ఆ గొట్టం తర్వాత ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పొయ్యి పెట్టిన ప్రతి ఇంటికీ మొదటి చలికాలంలో తిరిగి పోవాలి. చలి పడితేనే మనుషులు తలుపులు మూస్తారు, నిప్పును దగ్గరికి తెచ్చుకుంటారు, అప్పుడే పొయ్యి అసలు సంగతి బయటపడుతుంది. "పెట్టుడు సగం పనే" అనేది. అట్లా తిరిగి వెళ్లిన ఒక ఇంటి గురించే నేను చెప్పాలి. ఆమెను పూర్తిగా చూసింది నేను అక్కడే.

భూపాలపల్లిలో బస్సు దిగి, కాటారం పోయి, అక్కడి నుంచి ఆటోలో అడవి అంచున ఉన్న ఊరికి చేరాం. ఆ ఊరి ఆశా కార్యకర్త మాకు తోడు వచ్చింది. గూనపెంకల ఇల్లు. వాకిట్లో ముసలమ్మ, ఆమె కొడుకు పత్తి బస్తాలు సర్దుతున్నారు. ఈమె మామూలుగానే తలెత్తింది. అక్కడే ఆగిపోయింది.

"తమ్మీ, పొగ ఏ దిక్కు పోతున్నదో సూడు."

గొట్టంలోంచి పొగ రావడం లేదు. పెంకుల సందుల్లోంచి, చూరు కిందినుంచి, ఇల్లంతా చెమట పట్టినట్టు సన్నగా కారుతోంది. గొట్టం నోటికి గోనెసంచి చుట్టి తాడుతో బిగించి ఉంది.

"గొట్టం నోరు ఎవరు కట్టిండ్రు?"

"నేనే కట్టిచ్చిన" అంది ముసలమ్మ, అందులో దాచుకోవలసింది ఏమీ లేనట్టు. "ఇంట్ల పచ్చి బాలెంత ఉన్నది. నా మనుమరాలు, పురుటికొచ్చింది. గొట్టం మీద పిట్ట వాలితె దాని నీడ గొట్టంల నుంచి సక్కగ పసిదాని మీద వడ్తది గద. పిట్ట దోషం తాకదా?"

పిట్ట దోషం సంగతి మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. పసిపిల్ల మీద పక్షి నీడ పడితే పిల్ల వాడిపోతుందని భయం. పొద్దుగూకాక పిల్ల బట్టలు ఆరుబయట ఉంచరు. కానీ ఏ తాతముత్తాతల నమ్మకంలోనూ పొగగొట్టం లేదు. ఆ గొట్టం ఆ ఊరికి వచ్చింది ఆ ఏడాదే. మూఢనమ్మకం పాతదని, కొత్త వస్తువు వస్తే అది తప్పుకుంటుందని మనం అనుకుంటాం. అది తప్పుకోదు. తీగ లాంటిది, కొత్త గుంజ పాతితే ఆ గుంజకే అల్లుకుంటుంది. గొట్టం వచ్చి ఏడాది తిరగలేదు, అప్పుడే దానికొక దోషం పుట్టింది.

"బాలెంత ఎట్లున్నది?" అని అడిగింది ఈమె. గొంతు మారింది.

కొడుకు చెప్పాడు. నాలుగైదు దినాల నుంచి బాలింతకు తలనొప్పి. పొద్దున లేస్తూనే వాంతులు. పసిది పాలు సరిగ్గా తాగడం లేదు, ఊకె పండుకుంటున్నది. "దోషం ముందే తాకినట్టున్నది. తాయెత్తు కట్టెటాయన రేపొస్తనన్నడు."

ఆ మాట పూర్తికాక ముందే ఆమె లోపలికి పోయింది. నేను గడప బయటే నిలబడ్డాను. కిటికీకి చీర కుక్కి ఉంది. మూల పొయ్యి వెలుగుతోంది. బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి ఎర్రగా ఉంది. ఆమె కొంగు చేతికి చుట్టుకొని కుంపటి ఎత్తి వాకిట్లోకి విసిరేసింది. పసిదాన్ని ఆశా కార్యకర్త చేతికిచ్చింది. మంచాన్ని బాలింతతో సహా ఈడ్చుకొస్తుంటే ముసలమ్మ తలుపుకు అడ్డం పడింది.

"గాలి సోకుతది! నా ఇంట్ల నువ్వెవతివే పెత్తనం జెయ్యనీకె?"

"తిట్టు అవ్వా. బయట నిలవడి ఎంతసేపన్న తిట్టు. జర జరుగు."

ఎండలో పడుకోబెట్టిన కాసేపటికి బాలింత కళ్లు తెరిచి, "తల జర అల్కగైంది" అంది. పసిది ఏడ్చింది. ఆ ఏడుపు విని మా అందరికీ ఊపిరి వచ్చింది. ఆశా కార్యకర్త అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేసింది. పత్తి చేను నుంచి పరుగెత్తుకొచ్చిన ముసలమ్మ కోడలు, బాలింతైన తన కూతురినీ పసిదాన్నీ తీసుకొని బండెక్కింది. భూపాలపల్లి దవాఖానలో ఆ రాత్రికి ఉంచుకొని, మరునాడు పంపిస్తామన్నారని సాయంత్రం లోపు కబురు వచ్చింది.

పొగ కళ్లు మండిస్తుంది, దగ్గిస్తుంది, మనిషిని లేపి బయటికి తరుముతుంది. మూసిన గదిలో బొగ్గుల నుంచి పుట్టే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. అది మనిషిని నిద్రపుచ్చినట్టే పడగొడుతుంది. ఆమె మాటల్లో అయితే: "పొగ మొరటుది, లొల్లి జేస్తది. గిది దొంగ."

ప్రాణాలు దక్కాయి. కానీ మరునాడు ఆ బాలింతా, ఆ పసిదీ తిరిగి ఆ ఇంటికే రావాలి. ముసలమ్మ గడప మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది. "దవాఖానకు తోలిండ్రు, మంచిది. రేపు నా ఇంటికే వస్తరు గద. గోనె మాత్రం తియ్య." కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. "అవ్వ మాట నేను దాటలేను అక్కా."

నిచ్చెన వేసి మేమే తీసేయవచ్చు. మా ఆటో ఊరు దాటకముందే మళ్లీ కడతారు. నేను నా అలవాటు చొప్పున నీడ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. వెలుగు, వస్తువు, అడ్డం. ముసలమ్మ శ్రద్ధగా విన్నది. "మంచిగ జెప్పినవు కొడుకా. అయినా పసిపిల్ల గద" అంది.

ఆశా కార్యకర్త మమ్మల్ని పక్కకు పిలిచింది. "అక్కా, ఒక్క ఉపాయం. గొట్టానికి ఎర్రగుడ్డ కడ్దాం. గిది కడ్తె పిట్ట దోషం దిగదని నువ్వు చెప్పు. నువ్వంటె నమ్ముతది. గోనె తానే తీపిస్తది. ఒక్క మాటనే గద అక్కా, పసిదాని పానం కోసం."

చెడ్డ మనసుతో అన్న మాట కాదు. చలి పెరుగుతోంది, పొద్దు వాలుతోంది, పని జరగాలి. నిజం చెప్పాలంటే, ఆ ఘడియలో ఆ ఎర్రగుడ్డ నా కళ్లకు కూడా అందంగానే కనిపించింది. మన సంస్కర్తలు ఎంతమంది ఇట్లాంటి గుడ్డలు కట్టి చరిత్రకెక్కలేదు!

ఆమె తల అడ్డంగా ఊపింది. "వానకు ఆ గుడ్డ చీకిపోయి ఎగిరిపోయిన్నాడు ఏమైతది? మళ్ల గోనె కడ్తది. పక్కింట్ల పురుడైతె ఆళ్లు సుత కడ్తరు. ఎందుకంటె అక్కనే చెప్పింది, గొట్టంల నుంచి దోషం దిగుతదని. ఆనాడు పోయే పసిదాన్ని సంపినోళ్లల్ల నేనొకదాన్ని. నా నోట్ల నుంచి గా మాట రాదు."

సంతాపసభలో మాట్లాడినవాళ్లు ఈ మాట వినలేదు.

తర్వాత ఆమె పోయి ముసలమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అవ్వా, పిట్ట దోషం ఎవరికి తాకుతది?"

"పసిపిల్లలకు తాకుతది. పచ్చి బాలెంతలకు తాకుతది."

"నీకు?"

"నాకేం తాకుతది? ఎండిన కట్టెను. నా మీద గద్ద వాలినా నాకేం గాదు."

"అయితె నువ్వు, నేను ఆ గదిల కూసుందాం. గోనె గట్లనే ఉండనీ. కుంపటి మళ్ల నింపి లోపల పెడ్దాం. తలుపు దగ్గరికేద్దాం. నీకేం గాకుంటె గోనె ముట్ట, నీ ఊరికే రాను. నీ తల తిరిగిందనుకో, అది పిట్ట గాదు. పిట్ట నిన్నేం జెయ్యదని నువ్వే అంటివి."

మహిమలు బూటకమని చూపే పరీక్షలు నేను ఎన్నో వేదికల మీద ఎన్నో చూశాను. నిప్పుల మీద నడిచాం, నాలుకకు శూలాలు గుచ్చుకున్నాం. ఇంత చక్కగా కట్టిన పరీక్షను ఎక్కడా చూడలేదు. ముసలమ్మ తన నమ్మకంతోనే తాను హద్దు గీసుకుంది. ఆమెకు కూడా అది అర్థమైనట్టుంది. కాసేపు ఈమెను ఎగాదిగా చూసి లేచింది.

"కూసుంట. నాకేం భయమా?"

నాకు మాత్రం భయం వేసింది. అక్కను పక్కకు లాగి, ఇది ప్రమాదమన్నాను. ముసలమ్మ ఒక్కతే కూర్చున్నా పరీక్ష పూర్తవుతుంది కదా, నీకెందుకన్నాను.

"ముసల్దాన్ని ఒక్కదాన్ని విషంల కూసోపెట్టుడు పరీక్ష గాదు తమ్మీ. నువ్వు గడపల కూసో. తలుపు గడియ పెట్టం. ఊకోకుండ పిలుస్తనే ఉండు. ఇద్దరిల ఎవ్వరు పలుకకున్నా తలుపు నూకు. ఆడోళ్లున్నరని సిగ్గువడకు."

తలుపు పడింది. కొడుకూ నేనూ గడపకు ఆనుకొని కూర్చున్నాం.

"అక్కా!"

"ఉన్న. మాకన్న ముందు నీ గొంతే పొయ్యేటట్టున్నది."

లోపల ముసలమ్మ గొంతు: "ఆయనెవరు, నీ పెనిమిటా?"

"తమ్ముడు లెక్క. నోటితోని బతికెటోడు."

"నీకు పిల్లలున్నరా?"

"ఇద్దరు."

"మరి ఆళ్లను ఇడిచిపెట్టి ఊర్ల పొయ్యిలు ఊదుకుంట తిరుగుతున్నవా?"

"ఆళ్ల పొయ్యి మంచిగనే ఉన్నదవ్వా. నీదే మంచిగ లేదు."

"నోరున్నది నీకు. ఆ చీరేంది? మసి పనికి ఎవరన్న తెల్లచీర కడ్తరా? బుద్ధున్నదా?"

"నల్లచీర కడ్తె మసి లేదనుకుంట. గది మోసం గాదా?"

కొడుకు నవ్వాడు. నేను కూడా నవ్వాను. మళ్లీ పిలిచాను, మళ్లీ పలికారు. ముసలమ్మ తన పెళ్లినాటి సంగతి ఏదో ఎత్తుకుంది. ఈమె మధ్యలో ఎత్తిపొడుస్తోంది. కొంతసేపటికి ఆ కథలో మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. ముందు నేను గమనించలేదు. కొడుకు గమనించాడు. నవ్వడం మానేసి తలుపు మీద చెవి పెట్టాడు.

"అవ్వా, తల ఎట్లున్నది?" అది ఈమె గొంతు.

"మంచిగనే ఉన్నది."

మరికాసేపటికి: "అవ్వా?"

"...జర బరువున్నది. పొద్దున తినలె, అందుకు."

"నాకు కణతలు కొట్టుకుంటున్నయి. నువ్వు చెప్తలేవు, నేను చెప్తున్న."

తర్వాత ముసలమ్మ గొంతు, ఇందాకటి గొంతు కాదు, చిన్నపిల్ల గొంతు: "నాకు సుత."

"అక్కా!" అన్నాను. "ఆఁ" అంది.

"అవ్వా!" అన్నాడు కొడుకు. జవాబు లేదు.

తలుపు తోశాం. ముసలమ్మ లేవబోయి మోకాళ్ల మీద పడి ఉంది. ఈమె గోడ పట్టుకొని నిలబడే ప్రయత్నం చేస్తూ, రెండో చేత్తో ముసలమ్మ రెక్క వదలకుండా పట్టుకొని ఉంది. ఇద్దరినీ ఈడ్చుకొచ్చి వాకిట్లో కూర్చోబెట్టాం. ముసలమ్మ కంచె దగ్గరికి పాక్కుంటూ పోయి కక్కుకుంది. ఈమె మోకాళ్ల మధ్య తల పెట్టుకొని చాలాసేపు ఎత్తలేదు. ఆశా కార్యకర్త ఒకరి తర్వాత ఒకరికి నీళ్లు పట్టింది, ఏడుస్తూ, మా అందరినీ తిడుతూ.

ఈ పని ఎవరూ చేయకూడదు. ఆమె కూడా మళ్లీ ఎప్పుడూ చేయలేదు. ఇంటికి చేరాక రెండు రోజులు తల ఎత్తలేక పడుకుంది. "ఎవ్వలికి చెప్పకు తమ్మీ. మొగోడెవడన్న బహదురీ సూపెట్టుకోనీకె జేస్తడు, సస్తడు" అంది. బతికి ఉన్నంతవరకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నది ఆమె ధైర్యం చూపించడానికి కాదు. ఒక్క మాట అబద్ధం ఆడి ఉంటే తప్పిపోయే ప్రమాదాన్ని ఒక మనిషి ఎందుకు నెత్తిన వేసుకుందో, ఆమెను మెత్తని మనిషి అన్నవాళ్లు ఆలోచించాలని.

ముసలమ్మ కంచె దగ్గరే కూర్చుండిపోయింది. తల పట్టుకొని ఇల్లు వైపు చూసింది. మనుమరాలు నాలుగైదు దినాలుగా అన్న మాటలు ఆమెకు గుర్తుకొచ్చి ఉంటాయి. తల పగిలిపోతున్నదే అవ్వా అంటే, పండుకో బిడ్డా అని మరో నాలుగు బొగ్గులు వేసిన చేతులు అవి. ఆ చేతులను ఒళ్లో తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడామె ముఖం చూడడం నాకు కష్టమైంది.

"నిచ్చెన ఎయ్యిరా" అంది కొడుకుతో.

అతను తాడు కోసి గోనె కిందికి విసిరాడు. మసి పట్టి నల్లటి ముద్దలా ఉంది.

ముసలమ్మ ఈమె పక్కకు జరిగి కూర్చుంది. "నీ మాట నేను నమ్మలె. నా తల నమ్మింది."

"గంతే చాలు. నన్నెప్పుడు నమ్మకు అవ్వా. నీ తలనే నమ్ము."

మేమా రాత్రి ఆశా కార్యకర్త ఇంట్లో ఉండిపోయాం. పొద్దున్నే ఈమె కళ్లు చిట్లించుకుంటూ, తూలుకుంటూ వచ్చి గొట్టంలో మూట దించి మసి లాగింది. కిటికీలో కుక్కిన చీర తీసేయించింది. మంచాన్ని పొయ్యికి ఎడంగా జరిపించింది. కుంపటి ఇంట్లోకి రాకూడదంది. వెచ్చదనానికి పొద్దంతా ఎండలో కాగిన బొంత చాలంది. కాగితం మెలితిప్పి అంటించి పొయ్యి దగ్గర పట్టింది. మంట లోపలికి వంగింది.

మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. కోడలి చేతిలో పసిది, వెనక బాలింత, ముఖంలో రంగు వచ్చి. ముసలమ్మ ఎదురు పోలేదు. వాకిట్లో, గొట్టం కనపడే చోట పొడుగాటి కట్టె ఒకటి పట్టుకొని నిలబడి ఉంది. పసిదాన్ని లోపలికి తీసుకుపోతున్న క్షణంలో ఒక కాకి వచ్చి కొప్పు మీద వాలింది. "హుష్! హుష్!" అని ముసలమ్మ కట్టె ఆడించింది. కాకి ఎగిరి గొట్టం వైపు పోయింది. ముసలమ్మ గడప దాకా పరుగెత్తి, అక్కడి నుంచి మళ్లీ కట్టె ఎత్తింది.

నా ఒళ్లు మండింది. నిన్న పడిన బాధంతా ఇందుకా? నేను నోరు తెరవబోతుంటే ఈమె నా చెయ్యి పట్టి ఆటో ఎక్కించింది. ఊరి పొలిమేర దాటేదాకా నేను ఊరుకోలేకపోయాను.

"ఇంకా పిట్టలనే తోలుతున్నది అక్కా! మనం ఏం గెలిచినం?"

"తోలుకోనీ. గా అబద్ధం ఆమెది. నేనిచ్చింది గాదు." కళ్లు మూసుకొని, తలను ఆటో రేకుకు ఆనించింది. నొప్పి ఇంకా తగ్గలేదు. "కట్టె ఒక చేతిల ఉన్నది. రెండో చేత్తోని ఏం జేస్తున్నదో సూడలేదా తమ్మీ?"

చూశాను. గుర్తు తెచ్చుకుంటే కనిపించింది. కాకిని తరుముతూ గడప మీద నిలబడిన ముసలమ్మ, గాలికి మూసుకుపోబోతున్న తలుపును రెండో చేత్తో గట్టిగా వెనక్కి నెట్టి పట్టుకొని ఉంది.